జీరో టికెట్ వెనక

నౌకరీల చేరిననాడు డిపోల నాకు
టికెట్ల ట్రే ఇచ్చిండ్రు, సీటీ ఇచ్చిండ్రు,
లెక్కలు నింపనీకి ఒక పెన్సిల్ ఇచ్చిండ్రు.
గా పెన్సిలే.
బొమ్మలకని ఇంకే బడికీ పోలే నేను.

కడ్డీ పట్టుకున్న చేతులు గీస్త.
మొఖాలు గీస్తే జనం కొట్లాటకొస్తరు,
చేతుల్ని ఎవరూ గుర్తుపట్టరు.
మొదటి ఏడాది నా చేతులన్నీ అరటి హస్తాలు.
డ్రైవర్ మొగులయ్య చూసి
"డజనెంతక్కా?" అన్నడు.

కోఠి సిగ్నల్ కాడ రెండు నిమిషాలు
మొజంజాహి మార్కెట్ కాడ ఒకటిన్నర
అఫ్జల్‌గంజ్‌ల బండి తిప్పేటప్పుడు ఇంకింత.
గుంతొస్తే గీత ఎగిరేది.
తిట్టుకుంట తిట్టుకుంట ఒకనాడు సమజైంది,
గుంతకు ముందే పెన్సిల్ లేపాలె,
ఎనక టైరు ఎక్కినంక ఆనాలె.
ఎవ్వరు చెప్పలే గిది.
రోడ్డే చెప్పింది, మున్సిపాలిటోళ్ల పుణ్యాన.

సెలవుల నాడు ఛత్తా బజార్ల
ఖలీలుల్లా సాబ్ దుకాణం మెట్ల మీద కూసునేదాన్ని.
పెండ్లి కార్డులకు ఉర్దూ అక్షరాలు రాసేటాయన.
బొమ్మలు చూపిస్తే బొమ్మలు చూడలే,
నా మణికట్టు చూసిండు.
రెల్లు కలం చెక్కి చేతిల పెట్టి
"చుక్క పెట్టు" అన్నడు.
నలభై రోజులు చుక్కలే.
"చెయ్యి కాదమ్మా, దమ్ము ఆపు."
నలభై ఒకటోనాడు ఒకదాని మీద వేలు పెట్టి
"ఇది నిలబడ్డది" అన్నడు.
అంతకుముందువన్నీ కూలబడ్డయని
అప్పుడే తెలిసింది నాకు.

డెబ్బై దాటిన మనిషి.
పొద్దుగాల కార్డుల పని ముట్టకముందు
తాను గూడ ఒక పేజీ చుక్కలు పెడుతుండె.
మీకెందుకు సాబ్ ఇంకా, అన్న.
"రాత్రి నిద్రల మర్చిపోతనమ్మా."

ఇంటికొచ్చి ఏమేమో చేసి చూసిన.
ఇరానీ చాయ్‌ల దూది ముంచి చర్మం రంగు కట్టిన,
రెండ్రోజులకు చీమలొచ్చి మణికట్టు తినిపోయినయి.
మొగులయ్య నూనెగుడ్డతోని నీడలు అద్దిన,
కాగితం మెరిసింది, నీడ పడలే.
ఒక వానల, ఫుట్‌బోర్డు కాడ
సిరా కారి వేళ్లన్నీ ఒకదాంట్లొకటి కలిసిపోయినయి.
పాడైందని జేబుల కుక్కిన.
ఆరినంక తీస్తే
పట్టు వదిలేస్తున్న చెయ్యి!
తర్వాత ఎన్నిసార్లు కావాలని నీళ్లు జల్లినా
ఒక్కటి గూడ గట్ల రాలే.
జల్లుడు మాత్రం ఆపలే.

రిటైరైనంక బిడ్డ రమాదేవి మేజా కొనిచ్చింది,
దళసరి కాగితాలు, పన్నెండు రకాల పెన్సిళ్లు.
ఫ్యాను కింద కూసున్న.
గీత సక్కగ వచ్చింది.
గింత సక్కటి గీత నా బతుకుల గీయలే.
చచ్చిన పాము లెక్క పడి ఉన్నది కాగితం మీద.
వారం రోజులు దాని మొఖమే చూసిన.

ఎనిమిదోనాడు సంచి భుజానేసుకుని
సికింద్రాబాద్ రేతిఫైల్ కాడ బండెక్కిన.
కొత్త కండక్టర్ పిల్ల, పేరు ఝాన్సీబాయి అని బ్యాడ్జి మీదున్నది,
ఆధార్ చూసి జీరో టికెట్ కొట్టిచ్చింది.
తిప్పి చూసిన.
వెనక తెల్లగుంది.

ప్యాట్నీ దాటెవరకు ఆ పిల్ల చెయ్యే గీసిన,
మిషిన్ పట్టుకున్న ఎడమ చెయ్యి.
బండి ఊగింది, నేనూగిన, గీత లేచి కూసుంది.
పిల్ల వంగి చూసి
"నా బొటనవేలు గింత పొడుగా, పెద్దమ్మా?" అన్నది.

కాదు.
ముప్ఫై ఏండ్ల సంది బొటనవేలు పొడుగు గీస్తున్నట్టుంది నేను.
ఎవరూ చెప్పలే, రోడ్డు గూడ చెప్పలే.

కింద పడ్డ టికెట్ ఇంకోటి ఏరుకున్న.
"పట్టు బిడ్డా, మిషిన్ ఇంకొక్కసారి గట్లనే పట్టు."
పిల్ల పట్టింది.
ముందు రాణిగంజ్ గుంత వస్తున్నది.
పెన్సిల్ లేపిన.